మగ్గము మనది, అంగడి యెవరిది?

2025 వ సంవత్సరము జనవరి 30 వ తేదీని ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు "మన మిత్ర" యను పేర వాట్సాపు మూలమున ప్రజలకు సేవ లందించు నేర్పాటును ప్రారంభించిరి. అంతకు మూడు మాసములు పూర్వము, 2024 అక్టోబరునందు, ఆ వాట్సాపునకు యజమానియగు మెటా యను అమెరికా కంపెనీతో ఒడంబడిక జరిగెను. 161 సేవలతో మొదలైన యీ యేర్పాటు పిమ్మట విస్తరించినది. ధ్రువపత్రములు, బిల్లులు, అర్జీలు మున్నగునవి సెల్‌ఫోనునందొక సందేశము వ్రాసినంతనే లభించుచున్నవి. దీనిని మెచ్చుకొన్నవారు పలువురు, ప్రశ్నించినవారు స్వల్పము. ప్రశ్నింపవలసిన దొకటి గలదని నా యభిప్రాయము.

మెచ్చుకొనుటకు కారణము లేకపోలేదు. రామగిరి మండలములోని కూలివాడొక కాగితముకొరకు కచేరీకి పోయెనేని ఒక దినపు కూలి పోవును, బస్సు చార్జీ పోవును, గుమాస్తా సెలవులో నున్నాడన్న మాట విని మరుసటి దినము మరల పోవలసి వచ్చును. 2022 ఏప్రిలు 4 వ తేదీని శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడి పుట్టపర్తి ముఖ్యపట్టణమైన పిదప అనంతపురముదాక పోవు బాధ తప్పినది గాని, కచేరీ వాకిట పడిగాపులు పడు బాధ తప్పలేదు. ఈ బాధను తొలగించు సాధన మేదైనను దానిని నిందించువాడు కూలివాని కష్ట మెరుగనివాడే. నేను సాధనమును నిందించుట లేదు. లోపలి గృహము ప్రభుత్వమువారిదై, వాకిలి మాత్రము పరదేశపు వర్తకునిదై యుండుట తగునా యని యడుగుచున్నాను. ఆ వర్తకుడు రేపు సుంకము హెచ్చించిన నేమందుము? షరతులు మార్చిన నేమందుము? మీసేవ కేంద్రములును గ్రామ సచివాలయములును నింకను గలవు కదా యని కొంద రందురు. గలవు. కాని ప్రజలకు సులభమైన దారి యొకటి యలవాటైన పిమ్మట పాతదారిలో గడ్డి మొలచుట యెంతసేపు?

ఈ ప్రశ్న నాకు పుస్తకములు చదివి తోచినది కాదు. నేను రామగిరియందు నివసించుచు, ఏ కంపెనీయందును కొలువు లేక, ఒంటరిగా యాపులు వ్రాసి జీవించువాడను. కొండలపై గాలిమరలు తిరుగుచుండగా, క్రింద నా గదిలో కరెంటు పోయిన దినములు నేనెన్నో చూచితిని. అయినను ఈ వృత్తి యిచట సాగుచున్నది. దానికి గావలసినది యొక కంప్యూటరు, ఒక తీగ, కొంత యోపిక. కాని యీ వృత్తి యొక్క యంతరార్థము నాకు బెంగుళూరిలో గాక ధర్మవరములో బోధపడినది.

ధర్మవరపు నేతగానిని చూడుడు. పట్టుగూళ్లు హిందూపురపు సంతలో అమ్ముడగును. పట్టునూలు కర్ణాటకమునుండియు వచ్చును. జరీ సూరతునుండి వచ్చును. కూలి నేతగానికి పడుగును పేకయు షావుకారే యిచ్చును. గుంటమగ్గము నేతగానిది, గుంటలో దింపిన కాళ్లు వానివి, చూపు మందగించిన కన్నులు వానివి. చీర పూర్తియైనంతనే యది షావుకారు గద్దెకు జేరును. అచట దాని వెల యెంతో, పెండ్లివారు దాని నెంతకు గొనిరో నేసినవాని కెన్నడును తెలియదు. మచ్చ గలదని, బరువు తగ్గినదని కూలిలో కోత పడినను ఎదురు చెప్పుటకు వీలులేదు. ఎదురు చెప్పిన మరుసటి పడుగు రాదు. అతడు బానిస కాడు, ఎవరును కట్టివేయలేదు. మగ్గము తనదే. అంగడి మాత్రమే తనది కాదు. ఆ యొక్క లోపమున మిగిలిన స్వాతంత్ర్య మంతయు కరగిపోవుచున్నది.

యాపులు వ్రాయువాని స్థితి యింతకంటె నొక విషయమున మేలు, ఒక విషయమున కీడు. మే లేమనగా, మా నూలు మాకు ఉచితముగ లభించును. 1983 లో రిచర్డు స్టాల్మను అను అమెరికనుడు సాఫ్టువేరు మానవులందరి యుమ్మడి సొత్తుగ నుండవలెనని గ్నూ యను నుద్యమమును ప్రకటించెను. 1991 లో ఫిన్లెండు దేశపు విద్యార్థి యొకడు, లైనసు టోర్వాల్డ్సు, తాను వ్రాసిన లైనక్సును లోకమునకు విడిచిపెట్టెను. నా ముఖ మెరుగనివారు, నా యూరిపేరు విననివారు, వేలకొలది జనులు తమ శ్రమను దారిన బోవువాని కొరకు చలివేంద్రమందు కుండలవలె నుంచిపోయిరి. ఆ నీరు త్రాగియే నేను పనిచేయుచున్నాను. హైదరాబాదునందు "స్వేచ్ఛ" యను సంఘమువారు ఈ సాధనములనే తెలుగునకు దెచ్చుటకై కృషి చేయుచున్నారు. పరదేశమునుండి వచ్చిన దెల్ల పరాధీనత కాదనుట కిది తార్కాణము.

కీడు అంగడియందున్నది. ధర్మవరమున షావుకార్లు పలువురు గలరు. ఒకడు కాదన్న మరియొకని యొద్దకు పోవచ్చును. మాకు లోకమంతటికి ఇద్దరే షావుకార్లు: గూగులు, ఆపిలు. ఒకరి యంగడిలో బల్ల వేయుటకు ఒకమారు 25 డాలర్లు, మరియొకరికి ఏటేట 99 డాలర్లు చెల్లింపవలెను. ఇది పెద్ద సొమ్ము కాదు. అంగడిలోని వస్తువునకు వారి లెక్కద్వారమున సొమ్ము వచ్చినచో నూటికి 30 వంతులు వారివి యని చాలకాలము శాసించిరి. 2021 నుండి చిన్నవారికి తొలి పది లక్షల డాలర్లవరకు నూటికి 15 గ తగ్గించిరి. పంట పండించినవాడు ఏడింట నొకపాలు సంత గుత్తేదారునకు కొలిచిపోయుట యిది. పూర్వము సంతసుంకము పాట పాడుకొన్నవాడైనను ఇంత గుంజినచో ఊరివారు బండ్లు మరలించెడివారు.

ఈ యన్యాయము మన దేశపు న్యాయపీఠములు గమనింపలేదని చెప్పరాదు. 2022 అక్టోబరులో భారత పోటీ కమీషనువారు గూగులునకు వెంటవెంటనే రెండు జరిమానాలు విధించిరి, మొదటిది 1,337.76 కోట్లు, అంగడి లెక్కలను గూర్చిన రెండవది 936.44 కోట్లు. వార్తాపత్రికలు పెద్ద యక్షరములతో ప్రకటించినవి. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలువారు రెండవదానిని 216.69 కోట్లకు తగ్గించిరి. ఆ వార్త యెందరు చదివిరో! అది యట్లుండనిండు. జరిమానా యెంతయైనను ఖజానాకు జేరును గాని, అంగడినుండి గెంటబడిన చిన్న పనివానికి జేరదు కదా. 2024 మార్చి 1 న పెండ్లి సంబంధములవి, ఉద్యోగ ప్రకటనలవి యైన పేరుమోసిన భారతీయ యాపులనే గూగులువారు సుంకపు తగవులో అంగడినుండి తొలగించిరి. కేంద్రమంత్రి కలుగజేసికొనగా కొలదిదినములలో మరల చేర్చిరి. వారు ధనవంతులు, న్యాయవాదులు గలవారు, మంత్రుల తలుపు తట్టగలవారు. ఆ బలము లేనివాని గతి యేమి?

ఏమగునో నే నెరుగుదును. చేనేతవారు పడుగులెక్కలు, కూలిబాకీలు తెలుగున వ్రాసికొనుటకు వీలుగ నేనొక చిన్న యాపు చేసితిని. దానికి వెల లేదు, అందు ప్రకటనలు లేవు. ఒకనాటి యుదయమున అది యొక యంగడినుండి మాయమైనది. కారణము తెలుపు నుత్తరము ఇంగ్లీషున వచ్చెను. అందు కారణము తప్ప మిగిలినదంతయు నున్నది. ప్రత్యుత్తరము వ్రాసితిని, మరల అదే యుత్తరము, అక్షరము పొల్లుపోక, వచ్చెను. వ్రాసినది యంత్రమని గ్రహించితిని. తహసీల్దారు కోపించెనేని కచేరీ మెట్లపై కూర్చుండవచ్చును, కలెక్టరునకు అర్జీ పెట్టవచ్చును, పత్రికకు వ్రాయవచ్చును. ఈ దొరకు మెట్లెక్కడ? పదునొకండు దినముల తరువాత యాపు తిరిగి వచ్చినది. కారణ మప్పుడును చెప్పలేదు. ఆ పదునొకండు దినములు సెల్‌ఫోను మార్చిన నేతగాండ్రు ఇద్దరు తమ బాకీలెక్క కొరకు నన్నడుగవచ్చిరి. వారి మొగములు చూచిన పిదప నాకు "సాంకేతిక ప్రగతి" యను మాట కొంత బరువు తగ్గి వినబడుచున్నది.

భాష సంగతి యింతకంటె చిత్రము. 2018 ఫిబ్రవరిలో లోకమున నొక వింత జరిగెను. "జ్ఞా" యను మన తెలుగు అక్షరమును ఒక విధముగ కూర్చి పంపినచో, వేలరూపాయల ఐఫోనులలో సందేశపు యాపులు కుప్పగూలెను. పామరులు దానిని విషాక్షరమనిరి; పోకిరులు దానిని ఒకరికొకరు పంపుకొని నవ్విరి. ఆపిలువారు ఫిబ్రవరి 19 న చికిత్స చేసిరి. జ్ఞానమునకు మొదటి యక్షరమును పలుకలేక యంత్రము మూర్ఛపోవుటలో నొక పరిహాసము గలదు గాని నేనందు నవ్వలేకపోయితిని. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు మించినవారు. ఇన్ని కోట్లమంది నోట నాడు నక్షరమును ఆ యంత్రమున కెక్కించుటకు ముందు చాలినంత పరీక్ష జరుగలేదు. మనము వారి యంగడిలో గిరాకీలము. వారి కర్మాగారమున మన మాటకు చోటు లేదు.

ఇచట కోపమంతయు పరులపై చూపుట న్యాయము కాదు. 1991 నుండియే తెలుగు లిపికి యూనికోడునందు స్థానము గలదు. ఏ యంత్రమందైనను ఒకే తీరున చదువబడు తెలుగు అప్పటినుండియే సాధ్యము. అయినను మన డి.టి.పి. అంగళ్లు, ముద్రణాలయములు, కచేరీలు చిరకాలము తమతమ ప్రత్యేకపు అక్షరముల పెట్టెలతో కాలము గడిపినవి. ఒక పెట్టెలోని తెలుగు మరియొక పెట్టెకు అర్థము కాదు. ఆ వ్రాతలను యూనికోడులోనికి మార్చుటకు వెన్న నాగార్జున "పద్మ" యను సాధనమును చేసి యిచ్చెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టినది. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన యను పేర్లతో అక్షరరూపములను కల్పించి ఉచితముగ పంచిరి. ఈ పనులు జరుగుటకు సర్కారు ఆజ్ఞలుగాని, కంపెనీల పెట్టుబడిగాని కారణములు కావు. భాషాభిమానులు కొందరు తమ తీరిక వేళలను ఖర్చుపెట్టిరి. నేడు ప్రతివాడును సెల్‌ఫోనులో తెలుగు చదువుచున్నాడన్న అందు వారి ఋణము కొంత గలదు. ప్రభుత్వోత్తరువులు మాత్రము నేటికిని పలుమారులు కాగితమును ఫోటో తీసిన బొమ్మలుగనే ప్రకటింపబడుచున్నవి. బొమ్మను వెదకుట కష్టము, గ్రుడ్డివానికి చదివి వినిపించుట కష్టము, దానినుండి ఒక యాపు చేయుట మరింత కష్టము.

స్వదేశాభిమాన మనగానే బహిష్కారమని తలచువారు గలరు. 2020 జూను 29 న కేంద్ర ప్రభుత్వమువారు చైనా సంబంధముగల 59 యాపులను నిషేధించిరి. సరిహద్దున మన సైనికులు ప్రాణము లర్పించిన దినములవి. ఆ నిర్ణయమును నేను తప్పుపట్టను. కాని తరువాత జరిగినదేమి? టిక్‌టాకు పోయిన కొలదిదినములకే, ఆ జూలైలోనే, అమెరికా కంపెనీయగు ఇన్‌స్టాగ్రాము తన రీల్సును మన దేశమున ప్రవేశపెట్టెను. దేశీయులైన యౌత్సాహికులు చేసిన యాపులు కొన్ని తలయెత్తినను, జనము క్రమముగ ఆ పెద్ద పందిరిక్రిందనే చేరిరి. అద్దెయింటి యజమాని మారెను. అద్దె నిలిచియే యున్నది. 1921 మార్చి చివర బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు గాంధీ మహాత్ముని సమక్షమున దేశమున కొసగిన కార్యక్రమమును స్మరింపుడు: కోటి రూపాయల తిలకు స్వరాజ్య నిధి, కోటి మంది సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు. విదేశవస్త్రముల దహనము పిమ్మట వచ్చినది. బెజవాడ తీర్మానము అడిగినది రాట్నములను. ఎన్ని యిండ్లలో నూలు వడుకుదురని యడిగినది. ఆంధ్రసోదరులారా, నేటి మన ప్రభుత్వములు దేశాభిమానమును గూర్చి ప్రసంగించునపుడు రాట్నముల లెక్క యెవ రడుగుచున్నారు?

రాట్నము తిప్పిన నిదర్శనమొకటి మన కండ్లయెదుటనే గలదు. 2016 లో ప్రారంభమైన యు.పి.ఐ. బాట దేశపు బాట. ఏ బ్యాంకువారైనను, ఏ యాపువారైనను దానిపై నడువవచ్చును. ధర్మవరము సందులో పూలమ్ము ముసలమ్మ పళ్లెముప్రక్క నంటించిన చదరపు బొమ్మ దాని ఫలమే. నిజమే, 2025 నాటికి ఆ బాటపై బోవు బండ్లలో నూటికి 80 కి మించి ఫోనుపే, గూగులుపే అను రెండు కంపెనీలవే. మొదటిదానిలో అమెరికా వాల్‌మార్టువారిది పెద్దవాటా. ఒక్కొక్క యాపు నూటికి 30 వంతులకు మించరాదని 2020 లో విధించిన నియమము అమలు మాటిమాటికి వాయిదా పడినది. అయినను బాట మనది గనుక రేపు మరియొక బండి రావచ్చును; ముసలమ్మ యంటించిన బొమ్మ మార్చనక్కరలేదు. మన మిత్రయందు మన ప్రభుత్వమువారు చేసిన దేమనగా, బాట వేయుటకు ముందే ఒక బండివానితో ఒడంబడిక వ్రాసికొనుట.

కొందరు విద్యావంతులు ప్రజల వివరములు నేటి బంగారమని ఉపన్యసించుచుందురు. ఈ పోలిక రామగిరివారికి చెప్పకుందురుగాక! మా నేలక్రింద నిజమైన బంగారమే యున్నది. ఆంగ్లేయుల కాలమున కంపెనీలు త్రవ్వినవి; స్వరాజ్యము వచ్చిన తరువాత భారత్ గోల్డ్ మైన్సువారు త్రవ్విరి; 2001 లో కోలారుతోపాటు ఆ సంస్థయే మూతపడెను. గనులున్న యూరికి బంగారమువలన కలిగిన భాగ్యమేమో మా గుంటలను, మట్టిదిబ్బలను చూచినవారికి తెలియును. అదియునుగాక బంగారము ఒకమారే పోవును. మనిషి వివరము లెన్నిమారులైనను పోవును. కులము, ఆదాయము, భూమి, బిడ్డ పుట్టుక, తండ్రి మరణము - ఇవి యే సందేశముల మూలమున నడుచునో ఆ దారి కాపలా యెవరిదని విచారించుట పిరికితనము కాదు.

మా ప్రాంతపు రాజకీయమును గూర్చి యొకమాట చెప్పక తప్పదు. రామగిరి పేరు చాలకాలము ముఠాకక్షల రక్తముతోనే పత్రికల కెక్కినది. ఆ దినములలో కొత్తవాడు కనబడిన నడుగు మొదటి ప్రశ్న "ఎవరి మనిషివి?" అని. పేరుగాని పనిగాని తరువాతి సంగతి. ఇపుడు వేటకొడవండ్లు చాలవరకు మూలబడినవి. ఆ ప్రశ్న మాత్రము సెల్‌ఫోనులోనికి కాపురము మార్చినది. మొన్నటి యెన్నికల ముందు ఒక పక్షమువారు నా యొద్దకు వచ్చి, ఇంటింటి వోటర్ల మొగ్గు గుర్తించి రంగులువేయు యాపు చేసి పెట్టుమనిరి. సంవత్సరపు జీవనమునకు సరిపోవు సొమ్ము చెప్పిరి. నేనొల్లనంటిని. నన్నెదుటి పక్షమువాడనుకొనిరే గాని ఏ పక్షమునకును జెందని పనివాడొక డుండునని వారికి తోచలేదు. స్వతంత్రముగ బ్రతుకువాడనిన నిచట నేటికిని అనుమానమే. తల్లిదండ్రులు సయితము, "ఎవరిదో యొక కంపెనీలో చేరరాదా" యందురు. 2019 లో పెనుకొండ ప్రాంతమున కియా కారుల కర్మాగారము వచ్చినది. హిందూపురము దాటిన కొలదిసేపటికే బెంగుళూరు. కొలువులు వచ్చుట మంచిదే. కాని కొలువు తప్ప గౌరవము లేదను భావము యువకుల మనస్సులలో పాతుకొన్నచో, నేతగానికిని యాపులవానికిని సొంత మగ్గ ముండుట సిగ్గుచేటగును.

ప్రభుత్వమువారు ముందుగ చేయవలసినది యేమనగా, మన మిత్రకు వెనుక నున్న సేవల ద్వారములను ఒక్క కంపెనీకే గాక, తగిన పరీక్షకు లోబడు ప్రతి పనివానికి తెరవవలెను. ఆ నియమములను తెలుగున ప్రకటింపవలెను. అపుడు వాట్సాపు వాడువారు వాడుదురు. దానిని వలదనువారికి వేరుదారి యుండును. రామగిరిలోని యొకడు చదువురాని ముసలివారి కొరకు మాటతో పనిచేయు యాపు చేయవచ్చును, హిందూపురములోని మరియొకడు దానికంటె మంచిది చేయవచ్చును. ఉత్తరువులను బొమ్మలుగ గాక యూనికోడు తెలుగున ప్రచురించుటకు ఒక్క కాసును ఖర్చు లేదు. ఒక సంతకము చాలును. జిల్లా గ్రంథాలయ సంస్థవారు తమ పఠనాలయములందు పత్రికల బల్లప్రక్క నొక కంప్యూటరు నుంచి, స్వేచ్ఛా సాఫ్టువేరు నేర్పు వ్యవస్థ చేయుటయు నసాధ్యము కాదు. ఆంధ్రమున గ్రంథాలయోద్యమము స్వరాజ్యోద్యమముతో చేయిగలిపి నడచినదని మరచితిమా?

ఈ విషయములను వ్రాసిన యర్జీ యొకటి నా యొద్ద సిద్ధముగ నున్నది. ప్రభుత్వ సేవల ద్వారము లెవరెవరికి తెరచి యున్నవో, మెటాతో చేసికొనిన యొడంబడికలోని షరతు లేవో, ప్రజల సందేశము లెచట నిలువయుండునో శాసనసభయందు ప్రశ్న వేయవలసినదని మన ప్రాంతపు శాసనసభ్యులను అందు కోరితిని. చేనేత సహకార సంఘములవారును, ఉపాధ్యాయులును, పఠనాలయములకు వచ్చు సోదరులును చదివి, సమ్మతమైనచో సంతకము చేయుడు. ఏ పక్షమువారైనను చేయవచ్చును.